ఎక్కడ నిలబడాలో తెలిసిన నటుడు: బిల్ హంటర్

(స్మారకోపన్యాస పాఠం)



ఏటా మాస్టారి పేరు మీద జరిగే ఈ ఉపన్యాసానికి ఈసారి నన్ను పిలిచి, నటన గురించి ఏదైనా మాట్లాడమన్నారు. మాస్టారు పరిషత్తు నాటకాల్లో హీరో వేషం కట్టిన మనిషి కాదని మీలో చాలామందికి తెలుసు. మునసబు, మేనమామ, హెడ్డు కానిస్టేబులు, అప్పులిచ్చే షావుకారు - ఆయన వేషాలన్నీ ఇలాంటివే. ఆయన సభకు వచ్చి హీరోల సంగతి ఎత్తడం నాకు సబబుగా తోచలేదు. పోనీ గుమ్మడిగారి గురించో, రావు గోపాలరావుగారి గురించో మాట్లాడదామంటే నాకన్నా మీకే ఎక్కువ తెలుసు. అందుకని కాస్త దూరం పోతున్నాను, ఆస్ట్రేలియా దాకా. బిల్ హంటర్ అనే క్యారెక్టర్ ఆర్టిస్టు గురించి చెబుతాను. ఆ పేరు ఎప్పుడూ వినలేదే అని కంగారుపడకండి. ఇంట్లో పిల్లలున్నవాళ్లు ఆయన గొంతు వినే ఉంటారు. 'ఫైండింగ్ నీమో'లో చిన్న చేపను పట్టుకుపోయి గాజుతొట్టెలో వేసే సిడ్నీ పళ్ల డాక్టరుకు గొంతు ఇచ్చింది ఆయనే.

హంటర్ తన పని గురించి పెద్దగా మాట్లాడే మనిషి కాదు. ఎక్కడ నిలబడాలో, ఏం మాట్లాడాలో దర్శకుడు చెబితే చాలు, అంతకుమించి నటనలో ఏదో ఉందనేవాళ్లవి ఉత్త కోతలు అని ఆయన తేల్చేసేవారు. దీన్ని ఆయన వినయానికి సాక్ష్యంగా చెప్పుకోవడం అక్కడ రివాజు. నేను దీన్ని వినయమని అనుకోను, పూర్తి నిజమనీ అనుకోను. అందులో సగం దాచిపెట్టారు. ఎక్కడ నిలబడాలో దర్శకుడు చెప్పగలడు. అక్కడ ఎలా నిలబడాలో ఎవడూ చెప్పలేడు. యాభై ఏళ్లపాటు ఆ మనిషి రకరకాల చోట్ల నిలబడ్డ తీరే ఈ సాయంత్రం నేను చెప్పదలచుకున్నది.

బిల్ హంటర్ 1940 ఫిబ్రవరి 27న విక్టోరియా రాష్ట్రంలోని బాలరాట్‌లో పుట్టారు. బంగారు గనులతో పెరిగిన ఊరది. చిన్నతనంలో ఆయన గురి సినిమా మీద లేదు, ఈత మీద ఉండేది. వంద గజాల ఫ్రీస్టయిల్‌లో ఆయన పేరిట ప్రపంచ రికార్డు ఓ పది నిమిషాలు ఉందనీ, తరవాతి హీట్‌లో జాన్ డెవిట్ దాన్ని కొట్టేశాడనీ ఆయన జీవితకథల్లో రాస్తారు. ఈ డెవిట్టే 1960లో రోమ్‌లో వంద మీటర్ల బంగారు పతకం గెలిచాడు కాబట్టి, ఓడిపోయినా మంచివాడి చేతిలోనే ఓడారు. 1956లో ఒలింపిక్స్ సొంత రాష్ట్రంలోనే, మెల్‌బోర్న్‌లో జరిగాయి. పదహారేళ్ల హంటర్ అర్హత సంపాదించాక మెదడు పొరల వాపు జబ్బు పట్టుకుని ఆ పోటీలకు దూరమయ్యారని చెబుతారు. ఈ సంగతిని గుర్తుపెట్టుకోండి, దీనితో మళ్లీ పని ఉంది.

ఈతే ఆయన్ను సినిమాలోకి తెచ్చింది. 1959లో స్టాన్లీ క్రామర్ 'ఆన్ ది బీచ్' తీయడానికి హాలీవుడ్ దండునంతా వెంటబెట్టుకుని మెల్‌బోర్న్ వచ్చాడు. గ్రెగరీ పెక్, అవా గార్డ్‌నర్, ఫ్రెడ్ అస్టేర్ అందరూ వచ్చారు. అణుయుద్ధంలో ప్రపంచమంతా పోయాక మిగిలిన చివరి నగరం కథ అది. అందులో హంటర్ జూనియర్ ఆర్టిస్టుగా, ఈత సీన్లలో డూప్‌గా కుదిరారు. ఒక పెద్ద నటుడు ఒకే షాట్‌ను టేకు మీద టేకు తింటుంటే చూసి, ఈ మాత్రం మనమూ చేయగలం అనుకున్నానని తరవాత రోజుల్లో ఆయన చెప్పుకునేవారు. ఆ కథకు ఎన్నిసార్లు నగిషీ పెట్టారో ఆయనకే తెలియాలి. కానీ ఆ రోజుల్లో ఆస్ట్రేలియా కుర్రవాడికి సినిమా ఎదురుపడే దారి అదొక్కటే. బయటివాళ్లు వచ్చి తీసుకుంటారు, స్థానికులు గుంపులో నిలబడతారు. సొంతంగా కథాచిత్రాలు తీసుకునే పరిశ్రమ ఆ దేశంలో దాదాపు నిద్రపోతున్న కాలం.

ఆయన ఇంగ్లండులో కొంతకాలం నాటకరంగంలో పనిచేసి తిరిగొచ్చేసరికి మెల్‌బోర్న్‌లో ఒక కొత్త వంటిల్లు వెలిసింది. హెక్టర్ క్రాఫర్డ్ నడిపిన క్రాఫర్డ్ ప్రొడక్షన్స్ అది. 1964లో మొదలైన వాళ్ల 'హోమిసైడ్' అనే పోలీసు సీరియల్ ఐదొందలకు పైగా ఎపిసోడ్లు నడిచింది. దాని వెనకే 'డివిజన్ 4', 'మ్యాట్‌లాక్ పోలీస్' వచ్చాయి. ఈ మూడింటిలోనూ హంటర్ వేషాలు వేశారు. ఒక వారం దొంగ, మరో వారం రైతు, ఇంకో వారం సాక్షి. రిహార్సల్‌కు తీరిక ఉండదు. గుమ్మంలోకి వచ్చేలోపే ఈ మనిషి ఎవడో, ఏ పనిచేస్తాడో, పోలీసులంటే వాడికి ఎంత భయమో చూసేవాడికి తెలిసిపోవాలి. మన దగ్గర ఇదే చదువును నాటక సమాజాలు చెప్పాయి. రాత్రికి రాత్రి వేషం మార్చి మరో ఊళ్లో ఆడిన నటుడికి సినిమా సెట్టు మీద బెరుకుండేది కాదు. ఆస్ట్రేలియాలో ఆ పని పోలీసు సీరియళ్లు చేశాయి. అక్కడి మంచి సహాయ నటుల్లో చాలామంది ఆ వంటింటి తిండి తిన్నవాళ్లే.

1970లో ప్రధాని జాన్ గోర్టన్ ప్రభుత్వం సినిమాలకు డబ్బు పెట్టే సంస్థనొకదాన్ని స్థాపించింది. ప్రధాని విట్లమ్ హయాంలో, 1975లో, దాని స్థానంలో ఆస్ట్రేలియన్ ఫిల్మ్ కమిషన్ వచ్చింది. ఆ దన్నుతో ఓ దశాబ్దంలోనే దేశంలో సొంత సినిమా లేచి నిలబడింది. లేచి నిలబడ్డ సినిమాకు మొహాలు కావాలి. హీరోలను ఎలాగో వెతుక్కుంటారు. హీరో ఎదురుగా నిలబడే మనిషి దొరకడమే కష్టం. అలాంటి మనిషి హంటర్. మిక్ జాగర్ వేసిన 'నెడ్ కెల్లీ'లో కనిపించారు, మోటార్‌సైకిల్ ముఠా సినిమా 'స్టోన్'లో కనిపించారు, డెనిస్ హాపర్ 'మ్యాడ్ డాగ్ మోర్గన్'లో పోలీసు సార్జెంటయ్యారు. ఇవన్నీ గబగబా దాటేయొచ్చు.

దాటకూడనిది 1977 నాటి 'బ్యాక్‌రోడ్స్'. దర్శకుడు ఫిలిప్ నోయిస్, తరవాత హాలీవుడ్‌లో పెద్ద సినిమాలు తీసినాయన. అది గంట నిడివి ఉన్న చిన్న సినిమా. ఓ తెల్ల దిమ్మరి, ఓ ఆదివాసీ యువకుడు కలిసి కారు దొంగిలించి న్యూ సౌత్ వేల్స్ పల్లెదారులు పట్టిపోతారు. ఆదివాసీ పాత్ర వేసింది గ్యారీ ఫోలీ. అతను నిజజీవితంలో ఆదివాసీ హక్కుల ఉద్యమకారుడు, స్క్రిప్టులోనూ చెయ్యి వేశాడు. హంటర్ వేసిన జాక్ నోరు విప్పితే జాతి దురహంకారమే. ఇలాంటి పాత్రల్లో నటులు సాధారణంగా, నేను వేరు ఈ పాత్ర వేరు అని ప్రేక్షకుడికి చాటుగా ఓ సైగ చేస్తారు. హంటర్ ఆ సైగ చేయరు. జాక్‌కు తన మాటల్లో తప్పు కనిపించదు, పైగా సరదాగా ఉన్నాననుకుంటాడు. అందుకే భరించడం కష్టం.

మరుసటి ఏడాది అదే నోయిస్ 'న్యూస్‌ఫ్రంట్' తీశాడు. హంటర్‌కు దక్కిన కొద్ది కథానాయక పాత్రల్లో ఇదొకటి. మనలో పాతవాళ్లకు గుర్తుంటుంది, హాల్లో అసలు సినిమాకు ముందు ఫిల్మ్స్ డివిజన్ వార్తాచిత్రం పడేది. వరదలు, ఆనకట్టల శంకుస్థాపనలు, క్రికెట్టు. ఆస్ట్రేలియాలోనూ అంతే, కాకపోతే అక్కడ ప్రైవేటు కంపెనీలు పోటీపడి తీసేవి. 1948 నుంచి 1956 దాకా అలాంటి ఒక కంపెనీలో పనిచేసే కెమెరామన్ లెన్ మగ్వయర్ కథ ఇది. రంగుల్లో తీసిన దృశ్యాలను, అసలైన పాత వార్తాచిత్రాల నలుపు తెలుపు ముక్కలను కలిపి కుట్టారు. 1951లో కమ్యూనిస్టు పార్టీని నిషేధించడానికి మెన్జీస్ ప్రభుత్వం పెట్టిన ప్రజాభిప్రాయ సేకరణ ఉంది. 1955లో మెయిట్‌లాండ్‌ను ముంచిన వరద ఉంది. ఆ వరదలోనే లెన్ దగ్గర పని నేర్చుకుంటున్న కుర్రవాడు కొట్టుకుపోతాడు. చివరికి 1956లో టెలివిజన్ వచ్చి వార్తాచిత్రం బతుకునే మింగేస్తుంది.

నటుడికి లెన్ చాలా ఇబ్బందికరమైన పాత్ర. సంఘటనలన్నీ కెమెరా ముందు జరుగుతాయి, లెన్ కెమెరా వెనక ఉంటాడు. అతను చేసేదల్లా చూడడం. ఇంట్లోనూ అంతే. పెళ్లి చెడిపోతుంటే చూస్తాడు, తమ్ముడు ఫ్రాంక్ అమెరికా వెళ్లిపోతుంటే చూస్తాడు. లెన్ పాతకాలపు క్యాథలిక్కు, లేబర్ పార్టీ మనిషి, మాట తక్కువ. ఇలాంటివాడిని బలహీన నటుడు వేస్తే దిమ్మలా ఉంటాడు. అతి నటుడు వేస్తే మౌనంలో కూడా ఏదో ప్రకటన చేస్తాడు. హంటర్ ఏం చేశారంటే, పనిని నటించారు. ఆ బరువైన కెమెరాను ఎత్తి భుజాన పెట్టుకోవడం, స్టాండు సరిచేయడం, వెలుతురు కోసం కళ్లు చికిలించడం - వీటిలో ఆ మనిషి బుర్ర ఎటు తిరుగుతోందో కనిపిస్తుంది. ఈ పాత్రకు 1978లో ఆస్ట్రేలియన్ ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ ఉత్తమ నటుడి బహుమతి వచ్చింది.

ఇందాక గుర్తుపెట్టుకోమన్న సంగతి ఇక్కడ పనికొస్తుంది. 'న్యూస్‌ఫ్రంట్' పతాక సన్నివేశం 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్ ఈతకొలను దగ్గర జరుగుతుంది. హంగరీ, సోవియట్ జట్ల మధ్య వాటర్‌పోలో మ్యాచి. బుడాపెస్టులో సోవియట్ ట్యాంకులు తిరుగుబాటును అణిచేసిన కొద్ది వారాలకే జరిగి, రక్తం కారేదాకా పోయిన మ్యాచి. లెన్ దాన్ని చిత్రీకరిస్తాడు. ఆ పిలిం ఇమ్మని అమెరికా నుంచి వచ్చిన తమ్ముడు పెద్ద మొత్తం ఆశ చూపుతాడు. తన బొమ్మలను ప్రచారానికి వాడుకోవడం ఇష్టంలేక లెన్ ఇవ్వనంటాడు. పదహారేళ్ల వయసులో ఆ ఒలింపిక్స్ నీళ్లలోకి దిగే యోగం లేకపోయిన మనిషి, ఇరవై రెండేళ్ల తరవాత అదే ఒలింపిక్స్ కొలను గట్టున కెమెరా పట్టుకుని నిలబడ్డాడు. నోయిస్ ఇది తెలిసి చేశాడో, కాలం కలిపిందో నేను చెప్పను. ఆ షాట్లలో హంటర్ మొహంలో ఏదో వెతకడం మాత్రం అనవసరం. అక్కడ లెన్ మగ్వయర్ పని చేసుకుంటున్నాడు, అంతే. అదే ఆ నటుడి గొప్ప.

1981లో పీటర్ వియర్ 'గల్లిపోలి' వచ్చింది. అందరికీ మెల్ గిబ్సన్, మార్క్ లీ గుర్తుంటారు. మొదటి ప్రపంచయుద్ధంలో టర్కీ గడ్డ మీద నెక్ అనే ఇరుకు గుట్ట దగ్గర, 1915 ఆగస్టు 7న, ఆస్ట్రేలియా సైనికులను వరసలు వరసలుగా మిషన్‌గన్ల ముందుకు తోలారు. హంటర్ వేసిన మేజర్ బార్టన్ ఆ వరసలను పంపాల్సిన అధికారి. దాడికి ముందు తన గుంటలో కూర్చుని గ్రామఫోన్ మీద బిజే ఒపేరా 'పెర్ల్ ఫిషర్స్'లోని యుగళగీతం వింటూ తానూ కూనిరాగం తీస్తాడు. ఆ తరవాత పైవాళ్లతో వాదిస్తాడు, ఓడిపోతాడు. నేను చేయలేని పని నా మనుషుల చేత చేయించలేనని పిస్తోలు తీసుకుని తనే ముందుకొస్తాడు. మొత్తం కలిపితే ఆ పాత్ర తెర మీద ఉండేది కొద్దిసేపే. కానీ సినిమాలో పెద్దవాళ్ల తరఫు మనస్సాక్షి అతనొక్కడే. ఆ ఏడాది ఉత్తమ సహాయ నటుడి బహుమతి హంటర్‌దే. ఆ రెండో బహుమతి మొదటిదానికన్నా ఆయన అసలు రూపానికి దగ్గరదని నా ఉద్దేశం. ఇద్దరు కుర్రాళ్ల కథలో చోటు ఆక్రమించకుండా బరువు మోయడం ఆయన విద్య.

1983లో టెలివిజన్‌లో వచ్చిన 'ది డిస్మిసల్' ఆరు గంటల రాజకీయ నాటకం. 1975లో గవర్నర్ జనరల్ విట్లమ్ ప్రభుత్వాన్ని బర్తరఫ్ చేసిన ఉదంతం. అందులో హంటర్ గనుల మంత్రి రెక్స్ కానర్. దేశ ఖనిజాలను విదేశీ కంపెనీల నుంచి విడిపించాలనే పిచ్చి పట్టిన ముసలి మంత్రి, అరబ్బు దేశాల అప్పు కోసం తిరత్ ఖెమ్లానీ అనే దళారీని నమ్మి, అతని తంతి కోసం ఎదురుచూస్తూ టెలెక్స్ యంత్రం దగ్గర రాత్రుళ్లు గడిపాడన్నది అక్కడి చరిత్రలో పేరుపడ్డ సంగతి. మనం రాజకీయ నాయకుణ్ణి తెర మీద చూపితే దేవుడో దుర్మార్గుడో అవుతాడు. హంటర్ కానర్ ఆ రెండూ కాడు. మోసపోతున్నానని లోపల ఎక్కడో తెలిసిన మొండివాడు.

మరుసటి ఏడాది ఇంగ్లండు దర్శకుడు స్టీఫెన్ ఫ్రియర్స్ 'ది హిట్'లో ఇంకో చిన్న ముక్క చేశారు. జాన్ హర్ట్, టిమ్ రాత్ కిరాయి హంతకులు. వాళ్లు పట్టుకుపోతున్న మనిషి టెరెన్స్ స్టాంప్. మాడ్రిడ్‌లో ఒక ఫ్లాటుకు వెళితే ఖాళీగా ఉండాల్సిన చోట హ్యారీ అనే ఆస్ట్రేలియావాడు ఉంటాడు. వచ్చినవాళ్లెవరో హ్యారీకి అర్థమైపోతుంది. అర్థమైనట్టు తెలిస్తే బతకనివ్వరనీ అర్థమవుతుంది. అక్కడి నుంచి హంటర్ నవ్వే నవ్వు, వేసే ప్రశ్నలు చూడాలి. భయాన్ని మర్యాదతో కప్పుతున్న మనిషి. ఆ సీను చూపించి నటన పాఠం చెప్పమంటే నేను ఓ వారం చెప్పగలను.

తరవాత చాలా సినిమాలు వచ్చాయి, మరచిపోదగ్గవీ ఉన్నాయి. మొత్తం లెక్క అరవై దాటుతుంది. నేరుగా 1992కు వస్తాను. అక్కడి నుంచి రెండేళ్లలోనే ఆయన తన దేశానికి ఓ కొత్త మొహం చూపించారు. అంతవరకూ ఆయన భారీ విగ్రహం, గరుకు గొంతు నిజాయితీకి గుర్తు. లెన్, బార్టన్ ఆ ఖాతాలోవాళ్లే. కొత్త తరం దర్శకులు ఆ ఖాతాను తిరగేశారు.

బాజ్ లర్మన్ మొదటి సినిమా 'స్ట్రిక్ట్‌లీ బాల్‌రూమ్'. పోటీ నాట్యాల సంఘానికి అధ్యక్షుడు బ్యారీ ఫైఫ్. నెత్తిన విగ్గు, మొహాన చెరగని నవ్వు. నాట్యంలో కొత్త అడుగులనేవి లేవని అతని తీర్పు. కుర్రవాడు సొంత అడుగులు వేస్తానంటే వాడిని తొక్కేయడమే అతని సంస్కృతీ సేవ. మన కళాపరిషత్తుల చుట్టూ తిరిగినవాళ్లకు ఈ మనిషి కొత్త కాదు. పేర్లు చెప్పను, సభలోనే కొందరు నవ్వుతున్నారు. హంటర్ ఫైఫ్‌ను వ్యంగ్యచిత్రంగా గీశారు. సినిమా తీరే అంత.

1994లో పి.జె. హోగన్ తీసిన 'మ్యూరియల్స్ వెడ్డింగ్'లో మాత్రం ఆ అతి లేదు. పోర్పస్ స్పిట్ అనే కల్పిత సముద్రతీరపు ఊళ్లో కౌన్సిలర్ బిల్ హెస్లప్. అభివృద్ధిని ఎవడూ ఆపలేడు అనేది అతని ఎన్నికల నినాదం. బిల్డర్ల దగ్గర చెయ్యి చాపుతాడు. పిల్లలు పనికిమాలినవాళ్లని పదిమంది ముందు చెబుతాడు. చైనా హోటల్లో కుటుంబమంతా భోజనానికి కూర్చుంటే అతని ప్రియురాలు డీర్డ్రె అనుకోకుండా కలిసినట్టు వస్తుంది, అందరూ అది నిజమేనన్నట్టు నటించాలి. అక్కడ హంటర్ అరవరు. అతిథుల ముందు నవ్వుతూనే ఒక్కో బిడ్డకూ ఒక్కో చురక. ఆ నవ్వు తగ్గకుండానే కూతురి మొహం వాడిపోతుంది. ఈ తండ్రి కొట్టడు, తాగి తూలడు, ఊళ్లో పెద్దమనిషి. అతని భార్య బెటీ ఆ ఇంట్లో ఎలా కరిగిపోయిందో చెప్పడానికి వేరే విలన్ అక్కర్లేదు. చివర్లో పదవి పోయి, భార్య పోయి, పెరడు తగలబడిపోయి, పిల్లలను చూసుకోవడానికి ఉండిపొమ్మని మ్యూరియల్‌ను అడిగినప్పుడు ఆ భారీ విగ్రహం ఒక్కసారిగా ఖాళీ అయినట్టుంటుంది. అలాగని క్షమించమని అడగడు. మన సినిమాల్లో తండ్రి పాత్ర చివరి రీలులో కన్నీళ్లు పెట్టి బయటపడుతుంది. హెస్లప్‌కు ఆ దారి ఇవ్వనందుకు హోగన్‌కు, అడగనందుకు హంటర్‌కు దండం పెట్టాలి. ఆయన పాత్రలన్నిటిలోనూ ఇదే గొప్పదని నా లెక్క. 'న్యూస్‌ఫ్రంట్' అభిమానులు నాతో తగువు పడొచ్చు.

అదే ఏడాది స్టీఫన్ ఎలియట్ 'ప్రిసిల్లా, క్వీన్ ఆఫ్ ది డెజర్ట్'. ఆడవేషాలు కట్టి ఆడే ఇద్దరు కళాకారులు, మగ శరీరంతో పుట్టి స్త్రీగా మారిన బెర్నడెట్, ఒక పాత బస్సులో ఎడారి దాటుతుంటారు. బస్సు పాడైతే బాగుచేసే మెకానిక్ బాబ్ మన హంటర్. ఇలాంటి చోట, ఇలాంటి మనిషి ఎదురైతే ప్రేక్షకుడు గొడవనే ఊహిస్తాడు. బాబ్ టోపీ తీసి పలకరించే రకం. కుర్రతనంలో సిడ్నీలో బెర్నడెట్ బృందం ప్రదర్శన చూసిన జ్ఞాపకం ఉంది అతనికి. బెర్నడెట్‌తో మాట్లాడేటప్పుడు ఒక పెద్దమనిషి మరో పెద్దమనిషితో మాట్లాడినట్టే మాట్లాడతాడు. కొంతదూరం పోయాక ఆమె తోడు కోరి వాళ్లతో కలిసిపోతాడు. బెర్నడెట్ వేసింది టెరెన్స్ స్టాంప్. పదేళ్ల కిందట మాడ్రిడ్ ఫ్లాటులో ఎదురెదురుగా కూర్చున్న ఇద్దరే ఇక్కడ చలిమంట పక్కన కూర్చున్నారు. ఆ సినిమాను ఇప్పుడు చూస్తే బాబ్ భార్య సింథియా పాత్రను తీసిన తీరు చాలా ముతకగా అనిపిస్తుంది. ఫిలిప్పీన్స్ స్త్రీని నవ్వులపాలు చేశారని వచ్చిన విమర్శ సబబే. అందులో హంటర్ పంచిన గౌరవం ఆమె దాకా రాలేదు.

మిగతాది క్లుప్తంగా చెబుతాను. 'క్రాకర్‌జాక్'లో బౌలింగ్ క్లబ్బు పెద్దాయన. 2004లో 'టామ్ వైట్'లో ఇల్లూ వాకిలీ లేని ముసలివాడు; ఎవరూ పట్టించుకోని మంచి పాత్ర ఇది. లర్మన్ 'ఆస్ట్రేలియా'లో ఓ చిన్న ముక్క. ఆఖరిది 'ది కప్', 2002 మెల్‌బోర్న్ కప్ గుర్రప్పందెం కథ. అందులో ఆయన బార్ట్ కమింగ్స్, మెల్‌బోర్న్ కప్‌ను పన్నెండుసార్లు గెలిపించిన శిక్షకుడు. సినిమా 2011 అక్టోబరులో విడుదలయ్యేసరికి హంటర్ లేరు. అదే ఏడాది మే 21న మెల్‌బోర్న్‌లో, డెబ్భై ఒక్కేళ్ల వయసులో, క్యాన్సర్‌తో పోయారు. అక్కడి ప్రిన్సెస్ థియేటర్‌లో సంస్మరణ సభ పెట్టారు.

ఇక నేను ఆపుతాను. నిర్వాహకులు ఇప్పుడు 'న్యూస్‌ఫ్రంట్' వేస్తారు. వరద ఘట్టంలో కెమెరా ఎవరి చేతిలో ఉందో గమనించండి, తరవాత తేనీటి దగ్గర మాట్లాడుకుందాం. హెస్లప్ గొప్పా, మగ్వయర్ గొప్పా అన్న తగువు కూడా అక్కడే తేల్చుకుందాం.